కొసరు

తాడు పట్టుకోనిదే మెట్టు ఎక్కలేని గాలి.
దాన్ని మేం బోరా అంటాం, ఇంటిపేరు తెలిసిన శత్రువుని పిలిచినట్టు.
ట్రియెస్టేలో, సాన్ జాకొమో గుట్ట మీద
ఒండీనా బారు. పొద్దున ఆరున్నర.
అద్దాలకి అప్పటికే ఆవిరి పట్టింది.

"ఇది మోసం చేస్తోందే నివెస్," అంది, నా కోటు గుండీలు విప్పకముందే.
"ఒక కప్పు నిండుతుంది, ఒకటి వెలితి.
నిన్న లీవియో చెంచా నిలబెట్టి కొలిచి చూపించాడు,
అందరి ముందూ."

వెనక పలక విప్పాను.
అరచేతిలో పట్టే పంపు,
దాని కడుపులో వేలెడు రోకలి,
సెకనుకి యాభై పోట్లు.
ఆ దంపుడు వింటే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది.
నాకు కుదరదు, పదహారేళ్లుగా ఇదే పని.

ఇన్నాళ్లూ దాన్ని ఆడించింది గడియారం.
ఇరవై అయిదు సెకన్లు దంచు, ఆగు.
పొడి మెత్తగా పడిన రోజు
పంపు గోడని నెడుతుంది.
బరకగా పడిన రోజు వాన కాలవ.
గడియారానికి రెండూ ఒకటే,
గంట కొట్టగానే సంచి సర్దుకుని లేచిపోయే గుమస్తా అది.

కాలాన్ని తీసేశాను.
గొట్టం మధ్య బొటనవేలి గోరంత చక్రం పెట్టాను,
రెక్కకి ఒక అయస్కాంతం.
నీరు నడిస్తే తిరుగుతుంది,
తిరిగితే ఒక టిక్కు,
టిక్కుకి అర గ్రాము.
ఇరవై ఎనిమిది గ్రాములకి యాభై ఆరు టిక్కులు.
చిన్నపిల్లల లెక్క.

చప్పుడు ఆగీ ఆగగానే కప్పు లాగి తూకానికి పెట్టాను.
పందొమ్మిది.

తొమ్మిది గ్రాముల నీరు.
నేల పొడిగా ఉంది. గొట్టం ఎక్కడా చెమర్చలేదు.
దొంగ కోసం బల్ల కింద కూడా వంగి చూశాను,
ఒండీనా చూడకుండా.
చివరికి పిడి విప్పి తడితే
పడింది నల్లటి బిళ్ల, బరువుగా, ఆవిర్లు కక్కుతూ.
మనందరి కన్నా ముందు దాహం పొడికి.
కడుపునిండా తాగాకే
కప్పుకి మొదటి చుక్క వదులుతుంది.

దాని వాటా దానికి రాశాను: ఇంకో పద్ధెనిమిది టిక్కులు.
పంపు ఆగేసరికి సరిగ్గా ఇరవై ఎనిమిది.
చెయ్యి చాచాను
కప్పు తియ్యబోయి.

ఒక చుక్క పడింది.
ఆగి, ఇంకొకటి.
గొట్టంలో మిగిలిన ఒత్తిడి, ఎవరూ అడగని నీరు.
ముప్పై.

తూకం అయిపోయాక సంతలో ముసలామె
సంచిలో పడేసే పార్స్లీ గుప్పెడు, అదే ఇది, కొసరు.
నా ఉద్యోగం కొసరుని కోసెయ్యడం.
నాలుగు టిక్కుల ముందే ఆగమన్నాను.
మిగిలింది అదే జారుకుంటూ వచ్చి చేరుతుంది.
ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిదిన్నర,
మళ్లీ ఇరవై ఎనిమిది.
నాకు చాలా సంతోషం వేసింది, చెప్పుకోడానికి ఎవరూ లేని సంతోషం.

ఏడింటికి లీవియో వచ్చాడు,
రేవులో క్రేన్లు నడిపిన చేతులు, చెవి కాస్త మందం.
ఒక్క గుక్క తాగి, కప్పు వంచి అడుగు చూశాడు.
"తక్కువ."

త్రాసు చూపించాను. తల అడ్డంగా ఊపాడు.
అప్పుడు ఒండీనా, గుడ్డతో బల్ల తుడుస్తూ, నావైపు చూడకుండా:
"ఫెరుచ్చో ఉన్నప్పుడు మీట మీద బొటనవేలితో ఆపేవాడు.
పంపు గొంతు మారడం విని.
లీవియో కప్పుకి మాత్రం
కొంచెం ఆలస్యంగా వినేవాడు."

ఫెరుచ్చో పోయి రెండు చలికాలాలు.
ఈ మిషన్ కొన్నది ఆ తర్వాతే.

ఏమీ అనలేదు నేను.
నాలుగో మీట ఖాళీగా ఉంది, ఎవరూ వాడరు.
దానికి ఎనభై టిక్కులు ఇచ్చాను,
నాలుగు ముందే ఆగమనే నియమం ఆ మీటకి లేదు.
పేరు అడిగింది తెర. చుక్క పెట్టాను.

రసీదులో
లోపం అన్న గడిలో: పొడి, ఒత్తిడి, గడియారం.
నాలుగో మీట కారణం అన్న గడిలో ఏం రాయాలో తోచక
పెన్ను మూత పెట్టేశాను.
బయట గాలి
నా టోపీని లాక్కుపోయింది, తూకం వెయ్యకుండా.