కాఫీ చల్లారేలోపు చెప్పలేను

ఏ బండి కొనమంటావని అడిగావు, కోల్బీ,
కాగితం మధ్యన గీత గీసి
ఇటు చిన్నది, అటు పెద్దది అని రాసుకొచ్చి మరీ.
లాగే బరువు, తాగే పెట్రోలు, నెలనెలా కట్టే వాయిదా.
కాఫీ చల్లారేలోపు చెప్పలేను.
ముందు ఆ కాగితం మడిచి జేబులో పెట్టు.

నా బండి నీకు తెలిసిందే.
మధ్యరకం పికప్, నాచురంగు, తలుపు మీద గుర్రం తన్నిన సొట్ట.
వెనక తొట్టి పొడవు ఐదడుగులు.
మంచమున్నంతవరకే కాళ్ళు చాపుకోమంటారు గానీ
ఆ మాటన్నవాడు ఎన్నడూ
టెయిల్‌గేటు దించి, బూట్లు చుక్కల్లోకి పెట్టి
ఇడహో కొండల్లో పడుకుని ఉండడు.
మంచు కురిసిన తెల్లవారుజామున
మోకాళ్ళ కిందిది నా ఒళ్ళో, పక్కింటివాళ్ళదో
తట్టి చూసుకోవాల్సి వచ్చేది.

ఎనెకోది పెద్దది.
ఎదురుగా నిలబడితే బానెట్టు నా గడ్డానికి తగిలేది.
తొట్టిలో పరుపు, పరుపు మీద అతను,
అతని పక్కన కుక్క,
కుక్క పక్కన ఇంకో మనిషికి చోటు.
ఆ చోటు ఎవరికని నేనడగలేదు.
అతనూ చెప్పలేదు.

గుర్రాల ట్రైలరు తగిలిస్తే
నా బండి ఎగువలో రెండో గేరులో మూలిగేది,
వేడి ముల్లు ఎర్రగీత మీదికి పాకేది.
అతనిది ఈల వేసుకుంటూ దాటిపోయేది.
బంకు దగ్గర మాత్రం ఈల ఆగేది.
ఏనుగు మేత మరి.

ఆ అక్టోబరులో
విరిగిన కెటిల్ వాగు పైకి వెళ్ళాం, రెండు బళ్ళూ.
కుడిపక్క రాతిగోడ,
ఎడమపక్క ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు.
కింద వాగు చప్పుడు కూడా ఆలస్యంగా వచ్చేంత లోతు.
ముందు నేను. మలుపులో బండరాళ్ళు జారి పడి ఉన్నాయి.
అద్దాలు మడిచి, ఊపిరి బిగబట్టి దాటేశాను.
వెనక నుంచి
ఇనప్పెట్టె మీద మేకుతో గీసినట్టు ఒక చప్పుడు.
ఏనుగు దూరింది, తోక చిక్కింది.

ఎనెకో తిట్టలేదు.
ఇంజిను ఆపి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
తిరగడానికి చోటు లేదు, మైలుంబావు వెనక్కే రావాలి.
చీకటి పడుతోంది.
నేను నడిచి అతని వెనక్కి వెళ్ళి
టార్చి ఊపుతూ నిలబడ్డాను.
ఇటు. ఇంకాస్త. ఆగు. ఆగమన్నానా.
అద్దంలో అతనికి కనిపించేది నా చెయ్యి ఒక్కటే.
దాన్ని చూసే చక్రం తిప్పాడు,
అంచు వైపు ఒక్కసారీ చూడలేదు.
మూడు గంటలు పట్టింది.
ఇరవై ఏళ్ళ పరిచయంలో
మేం అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

మర్నాడు ఎల్క్ పడింది.
నాలుగు భాగాలూ కొమ్ములూ నా తొట్టిలో పట్టలేదు,
రెండు దఫాలుగా దించాను,
వెనక చక్రాల మీద బండి కుక్కలా చతికిలబడుతుంటే.
కింద అతని బండిలోకి మార్చాక
ఇంకా సగం ఖాళీ!
నాకు కొంచెం ఒళ్ళు మండింది కూడా.
ఆ రాత్రి వాన.
కుక్కని ముందు సీట్లోకి పంపాడు.
నా కాళ్ళు మొట్టమొదటిసారి
పూర్తిగా తొట్టిలోనే పడుకున్నాయి.

కాబట్టి, కోల్బీ,
ఎంత లాగుతుందని తర్వాత అడుగు.
నువ్వు వెళ్ళే దారి ఎక్కడ సన్నబడుతుందో చూసుకో.
తప్పితే ఎంత దూరం వెనక్కి నడపగలవో చూసుకో.
ఒక్కడివే వెళ్తావా? అయితే చిన్నది.
కాదూ... ఆ అమ్మాయి పేరేమిటన్నావు?
చెప్పలేదా. సరే.

మీ మావయ్య పెరట్లో
రెండు బళ్ళకీ చలికాలపు టైర్లు బిగిస్తున్నాడు. వెళ్ళి అడుగు.
పెద్దదే కొనమంటాడు, అనుమానం లేదు.
అప్పుడు ఆ కుడిపక్క గీతలు చూపించి
ఇన్నేళ్ళూ రంగెందుకు వేయించలేదో అడుగు.