సున్న, సున్నం

జనరల్ మంచంలోనే పోయాడు.
తొంభై ఒకటో ఏట, పరాయి దేశపు సముద్రం ఒడ్డున,
దుప్పటి మెడదాకా కప్పుకుని,
మధ్యాహ్నం తిన్న చేప అరిగాక.

అంతకు ముందు మూడుసార్లు కోర్టు పిలిచింది.
మూడుసార్లూ డాక్టరు కాగితం వెళ్ళింది:
"ఈయనకు జ్ఞాపకం లేదు."
రోజూ గడ్డం గీసే బసీలియో లోలోపల నవ్వుకునేవాడు.
చిలక పేరు గుర్తుంది,
పేకాటలో ఎవడెంత బాకీయో దమ్మిడీతో సహా గుర్తుంది,
కత్తి గొంతు దగ్గరికొచ్చినప్పుడు మాత్రం
కళ్ళు తెరిచే ఉంచుకునేవాడట.
అన్నీ మరిచినవాడికి అంత భయమెందుకో
బసీలియో అడగలేదు. అడిగేంత జీతం కాదది.

ఆండీస్ ఎగువన, సాన్ ఇలారియోలో,
తగరం గనుల ఊళ్ళో,
ఆ ఏడు సమ్మె చేసినవాళ్ళలో ఎందరు చనిపోయారంటే
సర్కారు లెక్క: సున్న.
గెజిట్లో ఉంది. గుండ్రంగా, అందంగా,
ఎక్కడా అతుకు కనపడని సున్న.
ఆదేశాలు కాల్చేశారు.
కాల్చమన్న ఆదేశాన్ని కూడా కాల్చేశారు.
లారీల నంబర్లు మార్చారు.
(డ్రైవర్లను ఏం చేశారో తెలీదు.)

కానీ సున్నం బట్టీ సతుర్నీనోకి
బాకీ తీర్చడం మరిచారు.

మూడువందల పన్నెండు బస్తాలు
సైనిక శిబిరానికి తోలాడు సతుర్నీనో.
సగానికే డబ్బొచ్చింది. మిగతా సగానికి తిరిగి తిరిగి
చెప్పులరిగి, చివరికి దావా వేశాడు.
అతను న్యాయం అడగలేదు. అతన్ని గొప్పవాణ్ణి చేయకండి.
ఆ సున్నం దేనికో అతనికి తెలుసో తెలీదో,
వాసనంటూ ఒకటుంటుంది కదా, గాలి ఇటే కదా వీచేది,
ఆ సంగతి కొడుకులు ఇప్పటికీ మాట్లాడరు.
అతను అడిగింది బస్తాల డబ్బు.
జడ్జి కేసు కొట్టేశాడు.
ఫైలు కొట్టేయాలని మాత్రం ఎవడికీ తోచలేదు.

ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత
కోర్టు నేలమాళిగలో మురుగు పైపు పగిలింది.
తడిసిన కట్టలు మెట్లమీద ఆరబెడుతూ
గుమాస్తా నియెవెస్ చోకే ఒక బిల్లు దగ్గర ఆగింది.
మూడువందల పన్నెండు.
చిన్నప్పుడు ఆ శిబిరం ముందునుంచే బడికెళ్ళేది.
ఇటుక గోడలు. పసుపు గేటు.
తెల్లటి గోడ ఒక్కటంటే ఒక్కటి లేదు.
వెల్ల వేయని సున్నం
ఎక్కడికి పోయింది?

నా భాషలో ఇది ఎంత దగ్గరో చూడండి:
సున్న పక్కన ఇంకొక్క సున్న పెడితే సున్నం.
వాళ్ళ భాషలో ఈ వీలు లేదు.
వాళ్ళకు పారలు కావలసొచ్చాయి.

ఫుట్‌బాల్ మైదానంలో ఉత్తరపు గోల్ వెనక తవ్వారు.
సున్నం అన్నిటినీ తినేస్తుందని
ఆనాటి పెద్దమనుషుల నమ్మకం.
తినలేదు. గట్టిపడింది.
పెంకులా చుట్టూ బిగిసి దాచిపెట్టింది
ఊలు టోపీని, కట్టుడు పళ్ళ సగం సెట్టుని,
నాలుగు మడతల యూనియన్ చందా రసీదుని,
తాడు ముడిని,
ముడి విప్పబోయిన వేళ్ళని.
డెబ్బై ఒక్కరిదాకా లెక్కపెట్టారు.
వానలొచ్చాయి, ఆపారు.

అప్పటికి జనరల్ పోయి నాలుగేళ్ళు.
సమాధికి పాలరాయి వేశారట. పాలరాయిని కాల్చినా సున్నమే.
ఇక ఏ బోనులోనూ నిలబడడు.
చరిత్ర శిక్షిస్తుందంటారు కొందరు. నాకు నమ్మకం లేదు.
నేనెరిగిన చరిత్ర ఒక చాదస్తపు కొట్టువాడు,
చచ్చినవాడి పేరు మీద కూడా
పద్దు కొట్టేయడం చేతకాదు వాడికి.

బల్లమీద పరిచినవాటిలో
ఫోర్తునాతా టోపీని ఎత్తలేదు, ముట్టుకుంది.
అల్లిక తనదే. మూడో వరసలో
జారిపోయిన కన్ను అలాగే ఉంది.
ఏడుస్తుందని కుర్చీ తెచ్చారు.
ఆమె ఆ బిల్లు చదివి పెట్టమంది.
అంతా విని,
"బస్తా ఎంత పడిందట?" అనడిగింది.

పదకొండు పెసోలు.

వేళ్ళమీద ఏదో లెక్కవేసుకుంది,
చాలాసేపు.