ఫ్యూజు లెక్క

లైన్‌మన్ పెళ్ళాన్ని.
వాయుగుండం అని టీవీ ఇంకా అనకముందే
మా ఇంట్లో అటక మీంచి గమ్‌బూట్లు దిగతాయి.
కరెంటు పోతే ఎన్నాళ్ళకొస్తుందో
బిట్రగుంటలో నాకంటే ముందు తెలిసినోళ్ళు లేరు.

అందుకే బుధవారం పొద్దున్నే
పాత క్యాలెండరు వెనక రాసుకుంటుండా
నూకలు ఆరు కిలోలు, రాగిపిండి రెండు,
జువ్వలదిన్నె కోటమ్మ దగ్గర ఎండు నెత్తళ్ళు
(ఉప్పెయ్యకుండా ఎండినవి, తలలు తీసి).
వేపనూనె. దూది. పిడుదుల మందు.
పిల్లికి వేరే ఏం రాయలా.
అది మాది కాదు. మా బియ్యం డబ్బా వెనకే ఈనింది, అంతే.
దానికీ ఆ నెత్తళ్ళే.

మస్తానమ్మ గోడ మీంచి చూసి నవ్వింది.
"మనుషులకే కందిపప్పు దొరకదంటుంటే
కుక్కకు సీమంతమా మేయ్?"
నవ్వనీ.
పోయిన తుపానుకి ఆరో రాత్రి
మా వరండాలో ఏం జరిగిందో ఆమె చూళ్ళేదు.

ఫ్యూజంటే మా కుక్క.
ట్రాన్స్‌ఫార్మర్ కింద దొరికింది, అరచెయ్యంత.
మూర్ఛ దానికి.
నాలుగు కాళ్ళూ కొట్టుకుని, నోట నురగొచ్చి,
ఉన్నట్టుండి ఆరిపోద్ది.
"ఫ్యూజు పోయిందే" అన్నాడు మా ఆయన మొదటిసారి,
భయం బయటపడకుండా.
అదే పేరైంది.

పొద్దున అర మాత్ర, రాత్రి అర మాత్ర.
మనుషులు మింగేదే.
పశువుల డాక్టరు చీటీ రాస్తే కావలి ట్రంకురోడ్డులో ఇస్తారు.
బస్సులో ఎవరి సంచిలో చూసినా కొవ్వొత్తులే.
బయట ఒక్క ఆకు కదల్లేదు.

షాపులో ఉన్నది ఒకే అట్ట.
"విజయవాడ లోడు రాలేదమ్మా, ఇంక తుపాను తేలాకే."
చీటీ మీద పేరు చదివి కుర్రోడు నవ్వాడు,
పేషెంటు ఫ్యూజు, వయసు నాలుగు.

నా వెనక మనిషి నవ్వలేదు.
రొయ్యల గుంట కాపలా కాబోలు, మోకాళ్ళ దాకా ఎండిన బురద.
చేతిలో పాలిథిన్ కవరు, అందులో నాలుగు మడతల చీటీ,
అదే మందు.
"పాపకి" అన్నాడు.
ఇమ్మని కూడా అడగలా.

ఇక్కడ నేను మంచిదాన్నని రాసుకోవాలని ఉంది.
కానీ ముందు పిడికిలి బిగించాను.
ముప్పై మాత్రలు. ముప్పై రోజుల నిద్ర.
అట్ట అంచు అరచేతిలో గుచ్చుకునే దాకా
అట్లనే నిలబడ్డా.
తర్వాత కత్తెర అడిగాను.

రాబియా అంట. రెండో తరగతి. రోజుకి రెండు మాత్రలంట.
ఇరవై అటు, పది ఇటు.
డేటు అచ్చేసిన ముక్క
ఆయన వైపే పోనిచ్చాను.

ఇంటికొచ్చేసరికి సముద్రం దిక్కున ఆకాశం
తోమని రాగి చెంబు రంగు.
మా ఆయన నిచ్చెన భుజానేసుకుని ఎప్పుడో పోయాడు.
నెత్తళ్ళ డబ్బాకి ఒళ్ళు ఆనించి
ఫ్యూజు కాపలా పడుకుంది,
ఒక కన్ను పిల్లి మీద.

బ్లేడుతో కోస్తుంటే ఒక సగం పొడైంది.
వేలితో అద్ది అద్ది తీసి
రాగి ముద్దలో కలిపి పెట్టా.
ఈ పూటకిది.
ముప్పై కొట్టేసి తొమ్మిదిన్నర అని రాశా.
దాని కింద, శుక్రవారం మళ్ళీ కావలి, బస్సులుంటే.

గాలి లేచింది.
గోడ మీద మస్తానమ్మ తల.
"మేయ్, నూకలేమన్నా మిగల్తాయా?
మా మేకలు రెండూ చూలుతో ఉండాయి..."

పెన్సిలు చెవి మీంచి తీశా.
"ఎన్నాళ్ళకి?"