లోపలెవరు?

పంతొమ్మిదేళ్ళు నడిపాను ఈ కారవాన్‌ని.
నడిపానంటే ఏముంది,
సాలిగ్రామం షెడ్డు నుంచి షూటింగుకి, షూటింగు నుంచి షెడ్డుకి.
రోజంతా అది నిలబడేది,
దాని నీడలో నేను కూచునేవాణ్ణి,
నీడ జరిగినప్పుడల్లా కుర్చీ జరుపుకుంటూ.

లోపల చలి. బయట మద్రాసు.
జనరేటర్ పొగ నా టిఫిన్ డబ్బాలోకి.
ఎవరో ఒకరొచ్చి అడిగేవాళ్ళు, గొంతు తగ్గించి,
"లోపలెవరు?"
చెప్పకూడదు. జీతం సగం దానికే.

మొన్న ఆడి మాసంలో ముదలాళి పిలిచి
బండికి వయసైపోయిందన్నాడు,
నా తలవైపు చూడకుండా. ఆ మాత్రం మర్యాద ఉంది.
గిద్దలూరులో కంటి డాక్టరెవరో కొన్నాడట,
ఊరూరా తిప్పి చూపులు పరీక్షిస్తాడట.
డీజిలుకీ, తిరుగు బస్సుకీ
లెక్క కట్టి ఇచ్చాడు. ఒక్కడికే.

ఆ రాత్రి కనకవల్లి ఏమీ అడగలేదు.
ఎవరెవరి జరీ చీరలో ఇస్త్రీ చేసిన చేతులతో
తనవి రెండు నూలువి మడతపెట్టి,
చిన్న గ్యాసు పొయ్యి గోనెసంచిలో చుట్టింది.

వడపళని సిగ్నలు దాటేసరికి ఇంకా చీకటే.
ఊత్తుకోట్టై పోయాక
అంగళ్ళ బోర్డులు ఒక్కొక్కటే మన అక్షరాల్లోకి తిరిగాయి.
"ఇదిగో, ఇక్కణ్ణించి నేను చదవగలను"
అని ఎరువుల కొట్లన్నీ పైకి చదివింది.

హైవే పట్టుకోమన్నారు. పట్టుకోలేదు.
రాపూరు ఘాటులో లారీలు మమ్మల్ని తిట్టుకుంటూ దాటాయి.
చిట్వేలిలో టీకి ఆపితే
నిమ్మకాయల బస్తాల మీంచి దూకి పిల్లలొచ్చారు,
వెనకే సగం గడ్డం గీయించుకున్న మనిషి,
రెండో చెంప మీద నురగ అలాగే.
"లోపలెవరన్నా?"

అలవాటుగా నోరు మూసుకుంది.
చెయ్యి మాత్రం తలుపు తీసింది.

అద్దం చుట్టూ పద్నాలుగు బల్బులు.
నడుమ కనకవల్లి,
ఉల్లిపాయలు కోస్తూ, చెంపల మీద ధారగా నీళ్ళు.
"ఏడుపు సీనా?" అన్నాడో బుడ్డోడు.
గడ్డం మనిషి మాత్రం నవ్వలేదు.
చాలాసేపు చూసి,
"ఈమెను యాడనో చూసినానే" అన్నాడు.
బద్వేలు దాకా ఆ మాటే నమిలింది ఆవిడ.

సిద్ధవటం దాటాక మనిషన్నవాడు లేడు.
బోడ గుట్టలు, ఒక సెల్ టవరు, దాని నీడలో మేక.
ఎర్రచందనం చెక్‌పోస్టులో పోలీసు
దుంగలకోసం టార్చి వేశాడు.
అద్దం వెలుగు మొహాన కొట్టేసరికి
అప్రయత్నంగా టోపీ సర్దుకున్నాడు.

రాత్రి పోరుమామిళ్ళ అవతల, చింతల తోపు పక్కన ఆపాం.
ఏసీ చచ్చి చాలాకాలమైంది. కిటికీలు తీశాం.
పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ పరుపు మీద నడుం వాల్చాను.
మధ్యలో గుంట,
ఎవరిదో ఒంటి కొలతకి దిగబడింది.
ఇద్దరం అందులోకే జారాం.
"ఎంత బరువున్న మనిషో" అంది.
నాకు తెలుసు. చెప్పలేదు.

గిద్దలూరు డాక్టరు మంచివాడే.
ముందు అద్దం ఊడదీయించాడు,
అక్కడ అక్షరాల పట్టీ వేలాడదీస్తాడట,
పైన ఏనుగంతవి, కింద చీమలంతవి.
కనకవల్లి ఒక్క బల్బు అడిగి తీసుకుంది.
బస్సులో రెండో టిక్కెట్టుకి కొంగు ముడి విప్పింది.

మా ఇంటి హోల్డరుకి అది పట్టలేదు. మెడ సన్నం.
బియ్యం డబ్బాలో ఉంది,
కొలిచినప్పుడల్లా సోలకి తగిలి టింగుమంటుంది.

నేను గుమ్మం ముందు కుర్చీ వేసుకుంటాను.
ఇక్కడ పొద్దస్తమానం నీడే,
ఎదుటి మేడ పుణ్యమా అని.
అయినా మూడు గంటలకి లేచి
కాస్త ఎడమకి జరుపుతాను.