ఎడమ వాటం

జోలింగెన్‌లో నవంబరు వాన.
డీట్లిండ్ గారు రుమాలు మడత విప్పి
బల్ల మీద పెట్టారు వాళ్ళ తాత మంగలికత్తిని.
"పడెయ్యడానికి చేతులు రాలేదు" అన్నారు, అంతే.

ముందు చచ్చింది పిడి.
పాత సెల్యులాయిడ్, మురిగి, కర్పూరం కంపు కొడుతూ
తను కప్పి దాచాల్సిన ఉక్కునే తినేసింది.
ఇత్తడి మేకుల తలలు ఆకురాయితో అరగదీస్తే
రెండు పలకలూ ఊడి
నా అరచేతిలోనే పొడి అయ్యాయి.

వారం రోజులు తుప్పుతో బేరం.
కొంత దిగింది. కొంత దిగలేదు.
మడమ దగ్గరి గుంటలు అలాగే వదిలేశాను,
వాటి లోతు చూస్తానంటే కత్తే మిగలదు.

కొమ్ము కోస్తుంటే కొట్టంతా
కాలిన జుట్టు వాసన.
ఎక్కడి గేదెదో, ఏ బురదలో పొర్లిందో,
నునుపు తేలేకొద్దీ నలుపులోంచి
ఒక తేనెచార బయటపడింది.
దాన్ని పైకి కనబడేలా తిప్పుకున్నాను.

అసలు సంగతి సానరాయి మీద తెలిసింది.
అంచు ఒక పక్కకే అరిగి ఉంది,
నా చేతికి ఎదురు తిరుగుతోంది.
ఫోను చేశాను: "మీ తాతది ఎడమచేతి వాటమా?"

చాలాసేపు అటునుంచి మాట లేదు.
"బడిలో బెత్తంతో కొట్టి మాన్పించారట.
చెంచా, సుత్తి, సంతకం, అన్నీ కుడిచేత్తోనే.
మేమెవ్వరం చూడలేదండీ."

గడియ వేసుకునే గీసుకునేవాడు కాబోలు గడ్డం.

మూడు మేకులు కొట్టి బిగించాను.
మడిస్తే చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళింది.
అంచుని మాత్రం సరిచెయ్యలేదు.
కత్తిని ఎడమచేతిలోకి మార్చుకుని
కుడి ముంజేతి మీద భయంభయంగా ఒక్కసారి లాగాను.
వెంట్రుకలు రాలాయి.