ఒకటి పాయింట్ ఒకటి

షట్టరు సగం దించినాక వచ్చినాడు హేమాద్రి.
జేబులోంచి తీసినాడు జానెడు కూడా లేని డబ్బా.
పొగ కాదక్కా, ఆవిరి, అంటాడు.
అమ్మకూడని సరుకని వాడికీ తెలుసు,
అందుకే ఈ యాళకి రావడం.
"ఎనిమిది నెలలు బీరువాలో పడుండె. లైటే వెలగదు.
బ్యాటరీకి రవంత ఊపిరి పోస్తే చాలు."

ఊపిరి పోయబడును అని నేను బోర్డు రాయించలేదు.
ధనకోటి మొబైల్స్, గ్రీమ్స్‌పేట, చిత్తూరు. అంతే.

మూత తీసి సెల్లును అరచేతిలో పెట్టుకున్నా.
చల్లగా ఉండాది. ఎండిన మామిడి టెంకంత బరువు.
మీటరు ఎర్ర మొన ఇటు, నల్ల మొన అటు:
ఒకటి పాయింట్ ఒకటి.

నిండితే నాలుగు పాయింట్ రెండు చూపించేది.
రెండున్నర దాకా దిగితే అలసట అనుకోవచ్చు.
అంతకన్నా దిగిపోయి నెలలకొద్దీ అట్లే పడుంటే
ఆకలి కాదది, ఒళ్ళు కరగడం.
లోపలి రాగిరేకు రవ్వ రవ్వగా రసంలో కలిసిపోతాది.
మళ్ళీ కరెంటు పెడితే రాగి తిరిగి వస్తాది,
తన చోటికి మాత్రం రాదు.
వెంట్రుక కంటే సన్నటి ముళ్ళై
మధ్యలో ఉండే పల్చటి తెర దిక్కు పెరుగుతాది.

"మంచి సెల్లు ఇంకోటి తెచ్చి
తలకు తల, కాలుకు కాలు ఆనిస్తే
నిమిషంలో లేస్తాదంట కదక్కా?
మా హాస్టల్లో ఒకడు లేపినాడు."

లేస్తాది రా.
నా భయమే అది.
లేవకపోతే పక్కన పెట్టేస్తాము, పీడ పోతాది.
లేచినదాన్ని నమ్మి జేబులో వేసుకుంటాము.

ఇదిగో, బల్ల మీద ఈ నల్లటి గుండ్రం చూడు.
పోయినేడు చవితి ముందర్రోజు నేనూ లేపినా ఒకదాన్ని.
మూడు పాయింట్ తొమ్మిది.
సంబరపడి టీ చెప్పినా.
గ్లాసు సగం కాకముందే బుస వినపడింది,
పామనుకొని కాళ్ళు కుర్చీ మీదికి ఎత్తుకున్నా.
తరవాత తెల్లటి ఆవిరి,
మాగి మురిగిన పండు మాదిరి తియ్యటి వాసన,
ఆ తరవాత మంట.
టైర్ల అంగడి షఫీవుల్లా భాయి
ఇసక బకెట్టు గుమ్మరించకపోయుంటే
ఈ పొద్దు నీకు షట్టరు కూడా ఉండదు, సగం దించడానికి.

వాడు ఊరుకోడు.
"ముక్కలైన ఎముకే పుత్తూరు కట్టుకు అతుక్కుంటాదే,
ఇదెంతక్కా!"

ఎముకకు ప్రాణం ఉంటాది నాయినా, అతుక్కుంటాది.
కట్టు కట్టేటాయన కూడా ముందు తడిమి చూస్తాడు.
దీని లోపలికి నా చెయ్యి పోదు.
ఎంత ఉందో చెప్తాది ఈ మీటరు,
ఏం జరిగిందో చెప్పదు.
పైగా నువ్వు దీన్ని పెట్టుకునేది నోటికాడ.

కొత్తది మూడు నూర్లు అంటే నేల చూసినాడు.
"సరే, నా సెల్లు నాకిచ్చెయ్."

ఇస్తే ఎక్కడికి పోతాడో నాకు తెలుసు.
సంతపేట మలుపులో ఇంకో అంగడి తెరిచే ఉంటాది.
గల్లాపెట్టెలోంచి పది రూపాయలు తీసి చేతిలో పెట్టినా.
"నాకు అమ్ము."
ఉలిక్కిపడినాడు, నవ్వినాడు, అమ్మినాడు.
ఇన్నేళ్ళ బేరాల్లో
చచ్చినదాన్ని దుడ్డు పెట్టి కొన్నది ఇదే మొదలు.

రెండు కొసలకూ నీలం టేపు చుట్టినా.
ఇసక పోసిన బిస్కెట్ల డబ్బాలో పెట్టినా,
అందులో ముందే ఐదుండాయి.
నెలకోసారి పాత సామాను తీసుకునే వ్యాను వస్తాది,
అంతదాకా వాటి చోటు అది, వాకిట్లో,
అట్టపెట్టెలకు దూరంగా.

ఖాళీ డబ్బా ఊపుకుంటా బండెక్కి పోయినాడు హేమాద్రి.

తాళం వేసి నాలుగడుగులు పోయి
మళ్ళీ వెనక్కి వచ్చినా.
వంగి ఆ డబ్బాకు చెయ్యి ఆనించి చూసినా.

చల్లగానే ఉండాది.
ఇంకోసారి చూసినా.