కుడిరెక్క చివర

బ్రనోలో ఆదివారం సంత. తడిసిన పట్టా మీద
కీమా మరకీ ఒంటి స్కేటింగు బూటుకీ మధ్య
రెండు మీటర్ల రెక్క.
అమ్మేది కుర్రాడు. "మా పెదనాన్నది కాదు,
పెదనాన్న ఇంటి అటక మీదిది" అన్నాడు,
ఆ రెండింటికీ మధ్య కోర్టు కేసేదో నడుస్తున్నట్టు.
మూడొందల యాభై అడిగాడు. బేరమాడలేదు.
ముప్పై ఒక్కేళ్లు ట్రాములకి కరెంటు పని చేసినదాన్ని,
తీగ తెగిన వస్తువు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

ట్రాములోనే తెచ్చుకున్నాను.
రెక్కకి కూడా టికెట్టు కొట్టించావా
అని అడిగింది ఎదురుసీటు పిల్ల.

వంటింటి బల్ల మీద పొట్ట విప్పాను.
బ్యాటరీ పోయి ఎన్నేళ్లయిందో,
ఏడు గుళ్లూ తెల్లటి ఉప్పు కక్కి
ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి.
మోటారులో బొగ్గు అరిగి గోరంత.
వేలితో తిప్పితే మాత్రం
నిద్రలో పక్కకి తిరిగిన మనిషిలా
ఒక్కసారి మూలిగింది.

ఇంతకీ ఇదేమిటి? ఎవరి తయారీ?
వ్రతిస్లవ్ మా కొండ మీద అందరికన్నా పెద్దవాడు.
తోక చూసి ఒక ఆదివారం ఒక పేరు చెప్పాడు.
మరుసటి ఆదివారం రెక్క మందం కొలిచి ఇంకో పేరు.
మూడో ఆదివారం పక్కటెముకలు లెక్కపెట్టాడు.
పదిహేడుండాలిట, పంతొమ్మిదున్నాయి.
కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని
"దీని అమ్మా నాన్నా వేరే వేరే ఊళ్లవాళ్లు" అని తేల్చాడు.

పాత కాగితం ఆవిరి పట్టి ఊడదీశాను,
పుండు మీది కట్టు విప్పినంత నెమ్మదిగా.
లోపల బాల్సా ఎండుగడ్డి రంగుకి తిరిగింది.
పెన్సిలు అంకెలు. తొమ్మిది వచ్చిన ప్రతిచోటా
దాని పొట్ట నల్లగా నింపేశాడు.
ఒకచోట, "జిగురు చాల్లేదు, రేపు."
ఆ రేపు ఏ ఏటిదో రాయలేదు.
ఎడమరెక్క నడుమ ఎప్పటిదో విరుగుడు,
దాని మీద పేరుకున్న తేనెలా దండిగా జిగురు.
కుడిరెక్క చివర, ఆఖరి ఎముక పక్కన,
గుడ్డపీలికలో చుట్టి ఒక కొరూనా బిళ్ల.
మోకాళ్ల మీద కూర్చుని మొక్క నాటుతోంది ఒకావిడ.
వెనక్కి తిప్పితే, ఇప్పుడు పటంలో లేని దేశం.
ఎవరి పిల్లాడో దాచుకున్నాడనుకుని
బొత్తాల డబ్బాలో పడేశాను.

చలికాలమంతా ఉప్పుకాగితం పొడి,
రొట్టె మీద, టీలో, కనుబొమల్లో.
బొగ్గు ఎక్కడా దొరక్క కొత్త మోటారు పెట్టాను,
కాస్త సిగ్గుపడుతూ.
కొత్త బ్యాటరీ బరువు మరీ తక్కువ,
ముక్కులో సీసం కూరాల్సి వచ్చింది.

ఏప్రిల్. కొండ మీద దక్షిణపు గాలి.
విసిరాను. లేచింది. మోటారు ఆపాను.
ఒక్క క్షణం, గడ్డి చప్పుడు తప్ప ఏమీ లేదు.
అప్పుడు ఎడమకి ఒరిగింది.
సరిదిద్దితే ఒరిగింది. వదిలేస్తే ఒరిగింది.
ఎడమ చెవికే ఏదో వినిపిస్తున్నట్టు
తిరుగుతూ తిరుగుతూ దిగి
మొన మీద పసరు పూసుకుంది.

వ్రతిస్లవ్ దాన్ని ముక్కూ తోకా పట్టి ఆడించాడు.
"ఎడమవైపు బరువు. కుడివైపునుంచి ఏమైనా తీశావా?"

మాట్లాడకుండా ఇంటికొచ్చి
బొత్తాలన్నీ బల్ల మీద కుమ్మరించాను.

మొక్క నాటే ఆవిడని మళ్లీ ఆ గుడ్డలోనే చుట్టి,
జిగురు మరక మిగిలిన గుండ్రటి చోట ఆనించాను.
అతికేముందు నేనూ పెన్సిలు తీసి
"తీయొద్దు" అని రాశాను, కింద తేదీ.
తేదీలో తొమ్మిది ఉంది. పొట్ట నింపాను.

ఆ ఆదివారం అది లోయ దాటి
తిన్నగా, ఎవరో చెప్పిన దారి గుర్తున్నట్టు వెళ్లింది.
వ్రతిస్లవ్ నుదుటికి చెయ్యడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.
నాలుగో పేరేదో చెప్పబోయి
మానేశాడు.